మూల కట్టిందెవరు

ఇల్లందు,
జులై 8

హఫీజ్,

కవరు మీద నా చేతిరాత చూసి నీ గుండె ఆగిపోయి ఉంటే ఇక చదవనక్కర్లేదు. ఆగకపోతే కూర్చుని చదువు. ఈ జన్మలో నీతో మాట్లాడనని నలభై తొమ్మిదేళ్ల కింద ఒట్టు పెట్టుకున్నాను. రాయనని పెట్టుకోలేదు. ఇంత చిన్న సందు ఇన్నేళ్లూ తోచనందుకు, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషిని, సిగ్గుపడుతున్నాను. సలాం చెప్పడం మాట్లాడటం కిందికి వస్తుందో రాదో తేలక వదిలేశాను. మనసులో కూడా అనుకోలేదు, నిశ్చింతగా ఉండు.

పోయిన నెల పేపర్లో నీ ఫొటో చూశాను. తల మీద పసుపు హెల్మెట్టు, మెడలో దండ, వెనక తాపీలు పట్టుకుని నిలబడ్డ ఎనిమిది మంది ఆడవాళ్లు. కింద "మహిళలకు తాపీ పని నేర్పుతున్న ఆదర్శ మేస్త్రీ" అని రాశారు. నవ్వు ఆపుకోలేక కట్టుడు పళ్లు చాయ్ గ్లాసులో పడ్డాయి. చాయ్ పారబోసి పేపరు దాచాను.

ఎడమ నుంచి మూడో పిల్ల, నీలం దుపట్టా నడుముకు బిగించుకున్నది, షబ్రీన్. నా కూతురు జెబా కూతురు. ఇంటర్ చదివి మూడేళ్లుగా జిరాక్స్ దుకాణంలో కూర్చుంది. గోడ కట్టడం నేర్చుకోవాలని దానికి ఎప్పటి నుంచో కోరిక. ఏప్రిల్‌లో ఈ శిక్షణ ప్రకటన చూసి, నేర్పేవాడి పేరు చూసి, అప్లికేషన్ నేనే నింపి పంపాను. నీ పేరు చూశాకే పంపానని దానికి చెప్పలేదు.

నీకు మతిమరుపు వచ్చి ఉండొచ్చు కనుక గుర్తు చేస్తాను. మన అబ్బాజాన్ జానీ మియా మేస్త్రీకి పక్షవాతం వచ్చిన ఏడాది. బజార్లో బియ్యం వ్యాపారి ఇల్లు సగంలో ఆగింది. నీకు పదిహేడు, నాకు పంతొమ్మిది. నువ్వు ఇటుక వరస పెడితే పాము పాకినట్టుండేది. నేను ఆరేళ్లు ఆయన పక్కన తట్ట మోస్తూ చూసి నేర్చుకున్నాను. వీధివైపు మూల నాలుగు రోజుల్లో ఎత్తాను. మధ్యలో ఇటుకలు ఎవరైనా నింపుతారు. మూల ఎత్తిన మనిషే మేస్త్రీ. ఆ మనిషి కట్టిన దారానికే మిగతావాళ్లంతా పని చేయాలి. పెద్ద మేస్త్రీ చేతులు పడిపోతే ఊళ్లోని మేస్త్రీలంతా కూడి, వారసుడు కట్టిన మూలకు తూకం గుండు వేలాడదీసి చూసి, నిలువుగా ఉంటే పని అప్పగించడం మన రివాజు. అయిదో రోజు వచ్చారు. గుండు వేశారు. వెంట్రుకంత తేడా లేదు. "ఈ మూల కట్టిందెవరు?" అని అడిగారు. నేను తొట్టి దగ్గర చేతుల సున్నం కడుక్కుంటున్నాను.

నువ్వు "నేనే" అన్నావు.

నోరు పడిపోయిన అబ్బాజాన్ సాక్ష్యం చెప్పలేడని నీకు తెలుసు. నేను నోరు విప్పేలోపు నీ భుజం తట్టి వెళ్లిపోయారు.

ఇప్పుడు విషయం. నవంబర్‌లో వీళ్లకు పరీక్ష. ఛాతీ ఎత్తు మూల కట్టాలి. నెగ్గితే సర్టిఫికెట్, మేస్త్రీ పని. ఓడితే జీవితమంతా తట్ట. షబ్రీన్‌కు నువ్వు మూల నేర్పాలి. నా మనవరాలు నీ కళ్ల ముందు మేస్త్రీ కావాలి, నీ చేత్తో సంతకం పెట్టాలి. నేర్పలేదని తెలిస్తే నీ ఆదర్శం ఎక్కడ మొదలైందో అదే పేపరుకు రాస్తాను. నా చేతిరాత బాగుంటుంది.

ఫజిలత్

కొత్తగుంపు, చర్ల రోడ్డు,
జులై 19

ఆపాకు హఫీజ్ సలాం. (నాకు ఒట్టు లేదు, నేను చెప్త.)

జాబు అందింది. గుండె ఆగలే. పోయినేడు దవాఖానాల స్టెంట్ ఏసిన్రు, గట్టిదే ఏసినట్టున్నరు. భద్రాచలం దాటినంక ఈ అడివిల సిగ్నల్ లేదు, గుట్ట ఎక్కితే ఒక్క గీత వస్తది. అందుకే నేను గూడ రాస్తున్న, లేకుంటే ఫోన్ చేసి నీ ఒట్టు తెంపేటోన్ని.

రెండుసార్లు చదివిన. నలభై తొమ్మిదేండ్ల కింద మూల ఎవరు కట్టిన్రో ఇప్పుడు ఎవడు చెప్తడు? చూసినోళ్లల్ల సగం మంది కబరస్తాన్ల ఉన్నరు. ఆ ఇల్లు గూడ లేదు, కూలగొట్టి సెల్‌ఫోన్ల దుకాణం కట్టిన్రు. అది మాత్రం నేనే కట్టిన, రసీదు గూడ ఉన్నది.

ఒక్క మాట అడుగుత ఆపా. ఆ రోజు నేను "మా ఆపా కట్టింది" అంటే, వాళ్లు నీ చేతికి పని ఇద్దురా? నవ్వి పోదురు. పొయ్యి మండుడు ఎట్ల? నీకు టీచర్ ట్రైనింగ్ సీటు వచ్చింది, కుర్చీల కూసున్నవ్. నేను ఎండల నిలబడ్డ. నువ్వు పోగొట్టుకున్నది ఏంది, నాకు సమజ్ కాలే.

నీ మనవరాలిని చూసిన. చెయ్యి నీదే, నోరు గూడ నీదే. ఫొటో తీసినంక తాపీలు ఎనుకకు తీస్కుంటుంటే "ఫొటోకు మేము మేస్త్రీలం, ఫొటో అయినంక కూలోళ్లమా తాతా?" అన్నది. అందరి ముందట. నేను తాతనని దానికి ఎవరు చెప్పిన్రో ఏమో.

ఈడ కడుతున్న హాస్టల్ కాడ ఆడోళ్లకు నింపుడు పని నేర్పుతున్న. మూల సంగతి టైం వచ్చినప్పుడు చూస్త. పేపరుకు రాస్తవా, రాయ్. తమ్ముని మీద ఓర్వలేక ముసల్ది రాసింది అంటరు. నా ఫొటో పక్కన నీది గూడ ఏస్తరు, పళ్లు పెట్టుకొని దిగు.

హఫీజ్

ఇల్లందు,
ఆగస్టు 20

హఫీజ్,

పళ్లు పెట్టుకునే రాస్తున్నాను, కొరకడానికి వీలుగా.

పంద్రాగస్టుకు షబ్రీన్ రెండు రోజులు ఇంటికి వచ్చింది. నేను అడగలేదు, అది చెప్పింది, నేను రాసుకున్నాను. నీ రిజిస్టర్లో "మూల కట్టడం: ముప్పై గంటలు" అని ఉందట, కింద నీ సంతకం. జరిగింది సున్నా గంటలు. పరీక్షలు చూసే హేమలత మేడం వచ్చిన రోజు మాత్రం అందరికీ తాపీలు, మేడం జీపు మలుపు తిరగ్గానే అందరికీ తట్టలు. వాళ్లలో ఎర్రమ్మ అనే కోయ ఆవిడ ఉందట, పద్దెనిమిదేళ్లుగా మేస్త్రీల వెనక తట్ట మోస్తోందట. ఆవిడ నేర్చుకోవడానికి వస్తే మళ్లీ తట్టే ఇచ్చావు. దీనికి శిక్షణ అని పేరు పెట్టినవాడికి నేనైతే తెలుగులో సున్నా మార్కులు వేస్తాను.

నీ ఎత్తు తెలిసింది. నేర్పకుండా పరీక్షకు పంపుతావు. ఓడిపోతారు. "నేను ముందే చెప్పిన, ఆడోళ్లకు మూల రాదు" అంటావు. దండ అలాగే ఉంటుంది.

నువ్వు నేర్పకపోతే నేను నేర్పుతాను. దీంతో నాలుగు పేజీల పాఠం పెడుతున్నాను. అడుగు వరస ఎలా పరచాలి, మూలమట్టం ఎక్కడ ఆనించాలి, అతుకు మీద అతుకు రాకుండా ఇటుక ఎలా మార్చాలి, బొమ్మలతో సహా. చివర అబ్బాజాన్ నాకు మాత్రమే చెప్పిన కిటుకు కూడా రాశాను: మూల లేచేకొద్దీ జానెడుకు గోరంత లోపలికి ఉంచాలి, పైబరువు పడ్డాక అది దిగి నిలువుకు వస్తుంది. ఆయన ఎత్తిన ఏ మూలా యాభై ఏళ్లలో వంగలేదు, అందుకే.

దీన్ని షబ్రీన్ పేరుకే పోస్టు చేయగలను. చేయను. నువ్వే తీసుకెళ్లి దాని చేతికి ఇవ్వాలి. నా పనిని నీ పేరు మీద మోశావు. ఈసారి నా పేరున్న దాన్ని మోయి. ఇచ్చేటప్పుడు "మీ నానీ పంపింది" అని నోరారా చెప్పాలి. చెప్పావో లేదో నాకు తెలుస్తుంది.

ఫజిలత్

కొత్తగుంపు,
సెప్టెంబర్ 11

ఆపాకు సలాం.

చెప్పినట్టే చేసిన. పని ఆపి, అందరి ముందట, రెండు చేతుల పట్టుకొని ఇచ్చిన. "మీ నానీ పంపింది బిడ్డా" అన్న. షబ్రీన్ ఏడ్చినంత పని చేసింది. ఒక్క అక్షరం మార్చలే, ఒక్క పేజీ తియ్యలే. కావాల్నంటే దాన్నే అడుగు.

నీ రాత ఎంత మంచిగున్నది ఆపా. ఆ గోరంత ముచ్చట చదువుతుంటే అబ్బాజాన్ పక్కన నిలబడి చెప్పినట్టే అనిపిచ్చింది. నేనే రెండుసార్లు చదువుకున్న.

నువ్వు అన్నది నిజమే, తప్పు నాదే. ఇప్పుడు రోజూ పొద్దున గంట సేపు అందరికి మూల కట్టనిస్తున్న. నీ కాగితం షబ్రీన్ చదువుతది, మిగిలినోళ్లు వింటరు. ఇటుక ఖరాబు గావద్దని మూడు వరసలు కట్టి ఇప్పుకుంటరు. నేను అడ్డం రాను, నోరు గూడ తెరువను. నీ పాఠం, నీ మనవరాలు. నడుమ నేనెందుకు?

హఫీజ్

ఇల్లందు,
అక్టోబర్ 14

హఫీజ్,

నీ ఉత్తరంలో మర్యాద చూసి ముందు కవరు మీద అడ్రసు సరిచూసుకున్నాను. నీ నోట "తప్పు నాదే" అన్న మాట మొదటిసారి విన్నాను. స్టెంట్‌తో పాటు ఇంకేమైనా వేశారేమో కనుక్కో. అనుమానపడాల్సిందే. కానీ గెలుస్తున్నవాళ్లకు అనుమానపడే తీరిక ఉండదు.

పరీక్షకు నీ కోసం జనాన్ని పంపుతున్నాను. ఇల్లందు నుంచి నలుగురు మేస్త్రీలు జీపులో వస్తారు. అందులో మంగీలాల్ ఉన్నాడు. ఆనాడు బియ్యం వ్యాపారి ఇంటి మూలకు గుండు వేసింది వాళ్ల నాన్నే. తండ్రి వెంట వచ్చిన మంగీలాల్ నీ "నేనే" చెవులారా విన్నాడు. ఊళ్లో ఇప్పుడు అతని మాటే మాట.

షబ్రీన్ మూలకు హేమలత గుండు వేస్తుంది. నిలువు అని తేలగానే నువ్వు ఆ నలుగురి ముందూ ఒక్క వాక్యం చెప్పాలి: "ఆ మూల మా ఆపా కట్టింది." అంతే. ఏడుపులు, కారణాలు అక్కర్లేదు. చెప్పకపోతే మంగీలాల్ అడుగుతాడు. ఎలా అడగాలో నేర్పే పంపుతున్నాను.

నేను రాను. వస్తే నీతో మాట్లాడాల్సి వస్తుంది. నీ మొహం ఎలా ఉందో వాళ్లు వచ్చి చెబితే చాలు. మెల్లగా, రెండుసార్లు చెప్పించుకుంటాను.

ఫజిలత్

కొత్తగుంపు,
నవంబర్ 16

ఆపాకు సలాం, వేయి సలాములు.

పరీక్ష అయిపోయింది. నీ నలుగురు మేస్త్రీలు జల్దీ ఇంటికి పోయిన్రు, నీకు మొహం ఎట్ల చూపియ్యాల్నో తెలువక ఇంకా రాలేదేమో. నేనే చెప్త. మెల్లగా చెప్త. కావాల్నంటే రెండుసార్లు చదువు.

షబ్రీన్ మూల ముచ్చటగ లేసింది. అతుకులు సక్కగ, మూలమట్టం సక్కగ. జనం చప్పట్లు కొట్టిన్రు. మేడం లోపలి దిక్కు పై నుంచి గుండు ఇడిచింది. అడుగు కాడ రెండు వేళ్ల సందు. లోపలికి వంగింది ఆపా. మంగీలాల్ కండ్లద్దాలు తీసి తుడిచి మళ్ల పెట్టుకొని చూసిండు. రెండు వేళ్లే. తల కిందికేసిండు. ఏమీ అడగలే. నువ్వు నేర్పి పంపినవ్ గద, పాపం, మర్సిపోయినట్టున్నడు.

ఎందుకు వంగిందో చెప్పనా? అబ్బాజాన్ గోరంత లోపలికి ఎందుకు ఉంచేటోడు? అప్పుడు సున్నం మాలు, ఊరి బట్టి ఇటుక. సున్నం ఆరేటందుకు నెలలు పట్టేది, బరువు పడితే దిగేది, గోడ బయటికి వచ్చేది. ఇప్పుడు బూడిద ఇటుక, సిమెంటు మాలు. ఎట్ల పెడితే అట్ల తెల్లారేసరికి రాయైతది. దిగదు, కదలదు. గోరంత గోరంత కూడి రెండు వేళ్లయింది. మూడు వరసల కాడ కనపడదు, ఛాతీ ఎత్తుకు కనపడ్తది. నీ కాగితం చదివిన రోజే నాకు ఎరుక. చదివి నవ్వుకున్న. రెండు చేతుల పట్టుకొని ఇచ్చిన. ఒక్క అక్షరం మార్చలే అని నీకు రాసిన గద?

కుర్చీల కూసున్నోళ్లకు మాలు మారింది అన్న సంగతి ఎట్ల తెలుస్తది. నువ్వు కాగితాల మీద కొట్టినవ్. నీ కాగితంతోనే నిన్ను కొట్టిన.

ఎనిమిది మందిల ఏడుగురు పడ్డరు, అందరు నీ పాఠం పట్టుకున్నోళ్లే. ఇంకొకామె నెగ్గింది, అదేదో గాలివాటం. నెల దినాల్ల ఇంకొక్క పరీక్ష ఉన్నది. దానికి గూడ పాఠం పంపుతవా?

హఫీజ్

ఇల్లందు,
నవంబర్ 25

హఫీజ్,

నిజమే. సున్నం పోయి సిమెంటు వచ్చిందని నాకు తెలుసు. సిమెంటు స్లాబు కిందే నలభై ఏళ్లుగా పడుకుంటున్నాను. కిటుకును మాత్రం మార్చలేదు. అది అబ్బాజాన్ నాకొక్కదానికే చెప్పాడు కనుక, నీకు చెప్పలేదు కనుక, అందులో తప్పుంటుందని అనుకోలేదు. బియ్యం వ్యాపారి ఇంటి మూలను, అయిదో రోజే గుండు వేస్తారని, ఆ కిటుకు వాడకుండా నిలువుగా ఎత్తిన సంగతి కూడా మరిచాను. ముప్పై మూడేళ్లు పిల్లల తప్పులు దిద్దినదాన్ని, నా పాఠం దిద్దుకోలేదు. ఈ పేరా చదివి సంతోషపడు. ఇంతకు మించి నా నుంచి నీకేమీ రాదు.

కానీ నేను చేసింది తప్పు. నువ్వు చేసింది తెలిసి చేశావు. ఏడుగురు ఆడవాళ్లు రెండు నెలలు ఎండలో నీ కళ్ల ముందు వంకర నేర్చుకుంటుంటే నోరు మూసుకున్నావు. పదిహేడేళ్ల వయసులో నోరు తెరిచి నా మూల తీసుకున్నావు, అరవై ఆరేళ్లకు నోరు మూసుకుని వీళ్లది తీసుకున్నావు. ఎదిగావని ఎవరంటారు?

షబ్రీన్ ఇంటికి వచ్చి రెండు రోజులు ఉంది. నీ ఉత్తరం దానికి చూపించాను, నువ్వెలాంటివాడివో తెలియాలి కదా. చదివింది. అన్నం తినలేదు. నాతో రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోయింది. ఆ మాటలు నీకు అక్కర్లేదు.

నిన్ను వదలను.

ఫజిలత్

కొత్తగుంపు,
డిసెంబర్ 28

నానీకి ఇల్లందుకు, ఇంటికి పోయిన తాతకు ఖమ్మానికి,

ఇద్దరికి ఒకటే ఉత్తరం, కార్బన్ పెట్టి రాసిన. ఎవరికి అసలు వచ్చింది, ఎవరికి నకలు వచ్చిందో కొట్లాడుకోండ్రి. మీకు ఆ పని బాగ వస్తది.

ఫలితం ముందు చెప్త, మిగిలింది చదువుతరో లేదో. రెండో పరీక్షల ఏడుగురం నెగ్గినం. గుండు అడుగుదాక అంటుకొని దిగింది. ఇప్పుడు ఎనిమిది మందిమి మేస్త్రీలం.

తాతా, నిన్ను శిక్షణ నుంచి తీసేసిన్రు గద. ఎట్ల తెలిసిందని పరేషాన్ అవుతున్నవంట. నానీ బీరువలకెల్లి నువ్వు రాసిన నవంబర్ జాబు తీస్కపోయిన. నానీ, నిన్ను అడగలే. హేమలత మేడం ముందల పెట్టిన. "నీ కాగితం చదివిన రోజే నాకు ఎరుక" అన్న కాడ మేడం వేలు పెట్టి మూడుసార్లు చదివింది. నువ్వు నవ్వుకుంట రాసినవ్ తాతా. నేను గూడ నవ్వుకుంటనే చూపిచ్చిన. రిజిస్టర్ల ముప్పై గంటలు గూడ చూపిచ్చిన.

నానీ, నువ్వు మురిసిపోకు. అప్లికేషన్ ఎందుకు నింపినవో నాకు ఎరుకైంది. నేను అడివిల పామును చూసి కూడ భయపడలే, గోడ కట్టుడు వస్తదని. మీరిద్దరు మీ పాత కొట్లాటల నన్ను ఇటుకముక్క లెక్క ఇసురుకున్నరు. పాఠం నాకు పోస్టు చేస్తే అయిపోయేది. తాత చేత మోయించాల్నని నీకు సోకు. తాతకు పంతం ఎక్కిచ్చి, దారిల దాన్ని సరిచేసెటోడు లేకుంట చేసినవ్.

ఇప్పుడు ఎర్రమ్మక్క ముచ్చట. సెప్టెంబర్ల నీ కాగితం చదువుతుంటే గోరంత కాడ ఆమె "ఇది వంగుతది" అన్నది. "మా నానీ రాసింది, మా ముత్తాత కిటుకు" అన్న నేను. రాసిందానికి ఎదురు చెప్పొద్దని ఊకున్నది. పరీక్షల ఆమె ఒక్కతే తన తీరుగ కట్టింది. ఆమె మూలకు గుండు వేసేటప్పటికి మీ నలుగురు మేస్త్రీలు జీపెక్కిన్రు. తాత దాన్ని గాలివాటం అని రాసిండు. నానీ, ఆ జాబు నువ్వు చదివి నాకు చూపిచ్చినవ్, నెగ్గినామె పేరేందని అడగలే. నేనే "ఎర్రమ్మక్క కాడ నేర్చుకుంట" అంటే "కూలిమనిషి దగ్గరా?" అన్నవ్. నువ్వు ఆరేండ్లు ఏం మోసినవ్ నానీ? అన్నం అందుకే తినలే.

పద్దెనిమిదేండ్ల సంది మేస్త్రీ మూల ఎత్తుతుంటే పక్కన నిలబడి ఒక్కొక్క ఇటుక అందిచ్చింది ఎవరు? ఆమెనే. ఇల్లందుల, మణుగూరు కాలనీలల్ల, భద్రాచలంల ఎన్ని మూలలో లెక్కలేదు. సున్నం మూల చూసింది, సిమెంటు మూల చూసింది. ఎవడు వంకర పెట్టి మాలుతోటి కప్పిండో గూడ చూసింది. గుండు ఊగుడు ఆగకముందే ఎటు వంగిందో చెప్తది. ఇరవై రోజులు నేర్పింది. మొదటి రోజు "కాగితం సంచిల పెట్టు, కన్ను పెట్టు" అన్నది. నేను ఎనిమిదిసార్లు ఇప్పి కట్టిన. తిట్టలే, పొగడలే. తొమ్మిదోసారి తంబాకు తీసి నోట్లేసుకొని పక్కకు పోయి కూసున్నది. అయిందని అర్థం.

సర్టిఫికెట్ ఫారంల ఒక గడి ఉన్నది, "పని నేర్పినవారు" అని. ఏడుగురం "ఎర్రమ్మ" అని రాసినం. తాత పేరు రాయలే. నానీ పేరు గూడ రాయలే. కావాల్ననే రాయలే, మర్సిపోయి కాదు. ఎర్రమ్మక్క ఫారం మేడం నింపింది, "నీకు నేర్పింది ఎవరమ్మా?" అంటే ఆమె "ఎవ్వలు నేర్పలే. ఎవ్వలు చూడొద్దని గూడ అనలే, నన్ను మనిషి లెక్క చూస్తెగద అనేటందుకు" అన్నది. మేడం ఆ గడి ఖాళీగ ఉంచింది.

సంక్రాంతి అయినంక కొత్త బ్యాచి వస్తది, పన్నెండు మంది, జూలూరుపాడు నుంచి గూడ వస్తున్నరు. నేర్పేది ఎర్రమ్మక్క. హాస్టల్ పైఅంతస్తు మూలలు మేము ఎత్తుతున్నం. నిన్న నేను కట్టిన దారానికి మగ మేస్త్రీలు ఇద్దరు ఇటుక నింపిన్రు. ఒకడు దారం మీదికి జరిపిండు, ఇప్పి మళ్ల పెట్టుమన్న. పెట్టిండు.

నన్ను చూసేటందుకు ఇద్దరు కలిసి రావొద్దు. విడివిడిగ గూడ ఇప్పుడే రావొద్దు.

షబ్రీన్

ఖమ్మం,
జనవరి 20

ఆపాకు సలాం.

నాకు నకలు వచ్చింది. నీకు అసలు వచ్చిందా? చెప్పకు.

ఇంట్ల కూసున్న. యాభై ఏండ్లల్ల మొదటిసారి. ఊళ్లె మేస్త్రీలు మొన్న నికాకు వస్తే నా పక్కన ఎవడు కూసోలే. పేపర్ల మళ్ల ఫొటో ఏసిన్రు, అదే జాగ, అదే హెల్మెట్టు, లోపల ఎర్రమ్మ. నన్ను నడుమకెల్లి తీసేసినట్టే ఉన్నది.

పోనీ నా పేరు రాయకపోతే రాయలే. నేను చేసింది నాకెరుక. కానీ ఆపా, ఇటుక పట్టుడు, తాపీ తిప్పుడు, వరస పరుచుడు, ఆ పిల్లలకు నేనే నేర్పిన. అది అబద్ధం కాదు. నాలుగు నెలలు నేర్పిన. అంత చేసిందానికి ఒక గడిల నా పేరు లేదు. నీ మనవరాలే గద, నీ పేరన్న రాయాలె. అదీ లేదు. కన్ను మూస్తే ఆ గడి కనపడ్తున్నది. నిద్ర పడ్తలేదు. గోలీలు మింగినా పడ్తలేదు.

నువ్వు అడిగింది రాసిస్తున్న. బియ్యం వ్యాపారి ఇంటి మూల నువ్వు కట్టినవ్. నాలుగు రోజులు కట్టినవ్. నేను నీకు ఇటుకలు అందిచ్చిన. వాళ్లు అడిగితే నేనే అన్న. కింద సంతకం పెట్టిన, మంగీలాల్‌కు ఒక కాపీ పంపిన. పేపర్ల ఏసుకుంటవో, గోడకు అంటిచ్చుకుంటవో నీ ఇష్టం. ఇగనన్న నా మీద కోపం ఇడువు.

హఫీజ్

ఇల్లందు,
ఫిబ్రవరి 3

హఫీజ్,

నాకు వచ్చింది కూడా నకలే. అసలు ఎవరి దగ్గరుందో నువ్వూ నేనూ ఊహించుకోవచ్చు. ఎర్రమ్మకు చదువు రాదు, అయినా దాచుకుంటుంది.

నువ్వు రాసిచ్చిన కాగితం అందింది. నలభై తొమ్మిదేళ్లు ఎదురుచూసిన వాక్యాలు. కళ్లద్దాలు తుడుచుకుని చదివాను. రెండు అక్షర దోషాలున్నాయి, ఎర్ర పెన్నుతో దిద్దాను. అంతకు మించి ఏం చేయాలో తోచలేదు. మంగీలాల్ తన కాపీ పట్టుకుని ఇంటికి వచ్చాడు, గుమ్మంలో నిలబడి "మాకు అప్పుడే అనుమానం ఉండె ఆపా" అన్నాడు. అప్పుడే ఉన్న అనుమానం ఇప్పుడు చెబుతున్నందుకు చాయ్ ఇవ్వకుండా పంపాను.

షబ్రీన్‌కు మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. ఎర్రమ్మకు ఒకటి రాశాను, నా పాఠంలో తప్పు ఆమె ముందే పట్టిందని, ఆమెను నేనన్న మాట తప్పని. దాన్ని షబ్రీనే చదివి వినిపించాలి కదా, అలాగైనా దాని చెవిన పడుతుందని. దీనికి మాత్రం జవాబు వచ్చింది, కార్డు మీద, షబ్రీన్ చేతిరాతతో: "ఎర్రమ్మక్క విన్నది. పనిల ఉన్నది." అంతే. నా జీవితంలో అందుకున్న ఉత్తరాలన్నిటిలో ఇదే బాగా రాసిన ఉత్తరం.

కోపం విడవమన్నావు. విడవను. నా పేరు ఆ గడిలో లేనందుకు నాకూ బాధే. దాచను. కానీ నాది నేను సంపాదించుకున్న బాధ. దాన్ని భరిస్తూనే నీ బాధ చూసి ఆనందించగలను. ఈ వయసులో రెండు పనులు ఒకేసారి చేయగలుగుతున్నందుకు అల్లాకు షుక్రియా చెప్పుకున్నాను.

చేసిన పనికి పేరు లేకపోతే మనిషికి ఏమవుతుందో జులైలో నీకు తెలియదు. నేను పోగొట్టుకున్నది ఏమిటో నీకు అర్థం కాలేదన్నావు. నేను ఎన్ని ఉత్తరాలు రాసినా చెప్పలేకపోయేదాన్ని. ఆ పిల్ల ఒక్క గడితో చెప్పింది.

నిద్ర సంగతికి వస్తే, గోలీలు మానెయ్. పనిచేయవు, నేను చూశాను. వెల్లకిలా పడుకోకు, కప్పు కనబడి ఇంకా ఎక్కువవుతుంది. గోడవైపు తిరిగితే కొంత నయం. అలవాటవుతుంది. మొదటి ఇరవై ఏళ్లే కష్టం.

ఫజిలత్